చెక్ ఇంజన్ లైటు

కారు డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ ఆకారంలో పసుపు రంగులో వెలిగే హెచ్చరిక దీపం. తాళం తిప్పగానే వెలిగి, ఇంజన్ స్టార్టయ్యాక ఆరిపోవాలి. ఆరకపోతే ఇంజన్‌లోనో, పొగ నియంత్రణ వ్యవస్థలోనో లోపాన్ని కంప్యూటరు పసిగట్టిందని అర్థం. మిణుకుమిణుకుమంటుంటే మిస్‌ఫైర్ (ఇంధనం సరిగా మండకపోవడం) తీవ్రంగా ఉన్నట్టు. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌ను మాడ్చేస్తుంది కాబట్టి వేగం తగ్గించి, బండిని పక్కన ఆపాలి.

ఈ స్వయం తనిఖీ ఏర్పాటును ఓబీడీ అంటారు. అమెరికాలో 1996 నుంచి కొత్త కార్లన్నిటికీ ఓబీడీ-2 తప్పనిసరి. భారత్‌లో 2013 నుంచి అమలైంది.

స్టీరింగు కింది 16 పిన్నుల సాకెట్టుకు స్కానర్ తగిలిస్తే లోపపు కోడ్ కనబడుతుంది. పి0300 అంటే మిస్‌ఫైర్. పి0420 అంటే కన్వర్టర్ సామర్థ్యం తగ్గడం. పి0171 అంటే గాలికి తగినంత ఇంధనం అందకపోవడం. కోడ్ లక్షణాన్నే చెబుతుంది, కారణాన్ని కాదు. పి0171 చూసి వెంటనే ఆక్సిజన్ సెన్సర్ మార్చేయడం డబ్బు దండగ. ముందు గాలి గొట్టాల చీలికలు, గాలిని కొలిచే సెన్సర్ మీది దుమ్ము, ఫ్యూయల్ పంపు ఒత్తిడి చూడాలి.

లైటు వెలగకుండానే పికప్ తగ్గవచ్చు. వానలు తక్కువైన ధర్మవరం, హిందూపురం వైపు మట్టిరోడ్ల మీద తిరిగే బండికి అప్పుడు మొదట దుమ్ము పట్టే ఎయిర్ ఫిల్టర్ చూడాలి.

బ్యాటరీ తీగ పీకి లైటు ఆర్పితే కోడ్‌తో పాటు, లోపం తలెత్తిన క్షణపు వేగం, ఉష్ణోగ్రత వివరాలూ చాలా కార్లలో చెరిగిపోతాయి. వాటిని ముందే రాసి పెట్టుకోండి.