ఆన్‌లైన్‌లో కొనే బేబీ సేఫ్టీ గేటు: మెట్ల దగ్గర ఎంతవరకు నమ్మొచ్చు?

కడప జిల్లా రాజుపాలెం మండలంలో పాత నాపరాళ్ల ఇళ్లు, కొత్త స్లాబు మిద్దెలు పక్కపక్కనే కనిపిస్తాయి. రెండు రకాల ఇళ్లలోనూ చంటిబిడ్డలకు మెట్ల భయం ఒకటే. చాలా ఇళ్లకు మెట్లు బయటి నుంచి మిద్దె మీదికి పోతాయి, కొన్నింటికి పక్కన రెయిలింగు కూడా ఉండదు. ఎండాకాలం రాత్రి మిద్దె మీద పడుకునే ఇళ్లలో దోగాడే బిడ్డ ఉంటే, ఒకరి కన్ను ఎప్పుడూ మెట్ల మీదే ఉండాలి.

ఆ కాపలాకు సాయంగా ఇప్పుడు ఆన్‌లైన్‌లో బేబీ సేఫ్టీ గేట్లు దొరుకుతున్నాయి. తండ్రి కువైట్‌లో ఉన్నా ఫోన్‌లోనే ఆర్డర్ పెడితే పెట్టె ఇంటికి వచ్చేస్తుంది. ఫొటోలో అన్ని గేట్లూ ఒకేలా ఉంటాయి. కానీ ఏ గేటు ఎక్కడ పెట్టాలో తెలియకపోతే మొదటికే మోసం వస్తుంది. గేటు ఉంది కదా అనే ధైర్యంతో పెద్దవాళ్లు చూపు మళ్లిస్తారు, గేటేమో బిడ్డ తోపుకే ఊడి వస్తుంది.

గేట్లలో రకాలు

మార్కెట్లో ముఖ్యంగా మూడు రకాలున్నాయి.

మొదటిది స్క్రూలతో గోడకు బిగించేది. డ్రిల్లింగ్ చేయాలి, గోడకు రంధ్రాలు పడతాయి. సరిగ్గా బిగిస్తే అన్నింటికంటే గట్టిది ఇదే.

రెండోది ఒత్తిడితో నిలబడేది. రెండు పక్కలా ఉన్న మరలను తిప్పితే రబ్బరు అంచులు గోడలను అదిమి పట్టుకుంటాయి. డ్రిల్లింగ్ అక్కర్లేదు కాబట్టి ఆన్‌లైన్‌లో ఎక్కువగా కనిపించేది ఇదే. అద్దె ఇళ్లవాళ్లకు సులువు కూడా.

మూడోది చాప చుట్టినట్టు ఒక పక్కకు చుట్టుకునే జాలీ గేటు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, స్థలం తీసుకోదు. అయితే జాలీ వదులైతే అడుగున సందు పడుతుంది. ఆన్‌లైన్‌లో అమ్మిన ఇలాంటి కొన్ని గేట్లలో జాలీకి, నేలకు మధ్య బిడ్డ శరీరం దూరి ఇరుక్కునే ప్రమాదం ఉందని అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ ఇటీవలి సంవత్సరాల్లో హెచ్చరికలు జారీ చేసింది.

మెట్ల పైభాగంలో ఏది పెట్టకూడదు

గుర్తు పెట్టుకోవాల్సిన మొదటి మాట ఇదే: మెట్ల పైభాగంలో ఒత్తిడితో నిలబడే గేటు పెట్టకూడదు. అక్కడ స్క్రూలతో బిగించిన గేటే ఉండాలి.

దీనికి రెండు కారణాలున్నాయి. బిడ్డ పట్టుకుని ఊపినా, ఒరిగినా ఒత్తిడి గేటు కొద్దికొద్దిగా జారుతుంది. చివరికి గేటుతో సహా బిడ్డ మెట్ల మీద పడే ప్రమాదం ఉంది. రెండోది, ఈ రకం గేట్లలో చాలావాటికి కింద నేల మీద ఒక అడ్డకమ్మీ ఉంటుంది. బిడ్డను ఎత్తుకుని దిగే పెద్దవాళ్లకు అది కాలికి తగులుతుంది. పైమెట్టు దగ్గర తట్టుకుని పడితే ఇద్దరికీ దెబ్బలే.

వంటింటి వాకిలికి, రెండు గదుల మధ్య గుమ్మానికి ఒత్తిడి గేటు సరిపోతుంది. పెట్టెలో గోడకు బిగించే చిన్న గిన్నెల్లాంటి కప్పులు వస్తే వాటిని పక్కన పారేయకూడదు. చాలా గేట్లు ఆ కప్పులు ఉంటేనే బలపరీక్షకు నిలుస్తాయి.

అమెరికా అనుభవం

ఈ విషయంలో ఎక్కువ లెక్కలున్నది అమెరికాలో. 1990 నుంచి 2010 వరకు అక్కడ ఏడేళ్లలోపు పిల్లలు సుమారు 37 వేల మంది బేబీ గేట్ల వల్ల దెబ్బలు తగిలి ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వచ్చారని 2014లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. వాళ్లలో సగానికి పైగా రెండేళ్లలోపు బిడ్డలే. గేటు ఊడిపోవడం వల్లో, తెరిచి వదిలేయడం వల్లో మెట్ల మీద నుంచి పడిన కేసులు ఆ చిన్నవాళ్లలోనే ఎక్కువ. కాస్త పెద్ద పిల్లలకు గేటు ఎక్కబోయి, గుద్దుకుని గాయాలయ్యాయి.

అంతకు ముందు ఇంకో పాఠం ఉంది. మడత పెట్టే పాతకాలపు కొయ్య గేట్లకు పైన ఆంగ్ల అక్షరం 'వీ' ఆకారంలో సందులుండేవి. వాటిలో తల ఇరుక్కుని పిల్లలు చనిపోవడంతో 1985 ప్రాంతంలో ఆ తయారీ ఆగిపోయింది. సెకండ్ హ్యాండ్‌లో అలాంటి గేటు ఎవరిచ్చినా తీసుకోకపోవడమే మంచిది.

అక్కడ గేట్లకు ఏఎస్‌టీఎం ఎఫ్ 1004 అనే ప్రమాణం చాలా ఏళ్లు స్వచ్ఛందంగానే ఉండేది. 2021 జూలై నుంచి దాన్ని చట్టపరంగా తప్పనిసరి చేశారు. దాని ప్రకారం గేటు కనీసం 22 అంగుళాల ఎత్తు ఉండాలి. నాలుగు మూలల్లోనూ మధ్యలోనూ 30 పౌండ్ల బలంతో, అంటే సుమారు 13.6 కిలోల బలంతో తోసినా ఊడకూడదు. ఐరోపాలో ఈఎన్ 1930 అనే ప్రమాణం ఉంది.

మన దేశంలో చట్టం ఎక్కడుంది?

మన దగ్గర పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి బీఐఎస్ ముద్ర తప్పనిసరి. కానీ ఆ ఉత్తర్వు బొమ్మలకు మాత్రమే. గేటు బొమ్మల కిందికి రాదు. కాబట్టి అమ్మే పేజీలో 'పిల్లలకు వంద శాతం సురక్షితం' అని రాసి ఉంటే అది అమ్మేవాళ్ల మాట మాత్రమే. ఏ ప్రమాణం ప్రకారం పరీక్ష చేశారో నంబరుతో సహా రాశారా అన్నది చూసుకోవాలి.

అలాగని కొన్నవాళ్లకు హక్కులు లేవనుకోవద్దు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం లోపమున్న వస్తువు వల్ల హాని జరిగితే తయారీదారును, అమ్మినవాళ్లను పరిహారం అడగొచ్చు. తయారుచేసింది ఎవరో తెలియకపోయినా, మన దేశ చట్టానికి అందకపోయినా అమ్మినవాళ్ల మీద బాధ్యత పెట్టడానికి ఆ చట్టంలో వీలుంది. ఊరూ పేరూ లేని బ్రాండ్ల విషయంలో ఇది చాలా ముఖ్యం.

2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం అమ్మేవాళ్ల వివరాలు, వస్తువు ఏ దేశంలో తయారైందో పేజీలో చూపాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి.

ప్లాట్‌ఫామ్‌లు 'మేం మధ్యవర్తులమే' అని ప్రతిసారీ తప్పించుకోలేవు. బీఐఎస్ ప్రమాణాలకు తగని ప్రెషర్ కుక్కర్లను తమ ప్లాట్‌ఫామ్‌లో అమ్మనిచ్చినందుకు 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అమెజాన్‌కు లక్ష రూపాయల జరిమానా వేసింది. అలా అమ్ముడైన 2,265 కుక్కర్లను కొన్నవాళ్లందరికీ సమాచారం ఇచ్చి, కుక్కర్లు వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వాలని ఆదేశించింది.

కొనేముందు, బిగించేముందు

వాకిలి వెడల్పును కింద, మధ్యలో, పైన మూడు చోట్ల టేపుతో కొలవాలి. మన ఇళ్లలో గోడ అడుగున నాలుగు అంగుళాల స్కర్టింగు బండ ముందుకు వచ్చి ఉంటుంది. దానివల్ల కింద కొలత ఒకటి, పైన ఇంకొకటి వస్తుంది. అలాంటి చోట ఒత్తిడి గేటు కింద బిగిసి, పైన వదులుగా ఉంటుంది.

నున్నగా పాలిష్ పట్టిన నాపరాయి మీద, డిస్టెంపర్ గోడ మీద రబ్బరు అంచు జారుతుంది. నాపరాయికి డ్రిల్లింగ్ చేయాలన్నా చూసుకుని చేయాలి, అది పొరలుగా లేచిపోయే రాయి. గట్టి కొయ్య ద్వారబంధం ఉంటే స్క్రూలు దానికే బిగించడం మేలు. ఇటుక గోడైతే ప్లగ్గులు తప్పనిసరి.

సందులు నిలువు కమ్మీల మధ్య రెండున్నర అంగుళాలకు మించకూడదు. అడ్డ కమ్మీలున్న గేటు వద్దు, బిడ్డకు అవి నిచ్చెన మెట్లు అవుతాయి. గేటు ఎత్తు బిడ్డ ఎత్తులో ముప్పావు వంతైనా ఉండాలి. మెట్ల పైన పెట్టే గేటు మెట్ల వైపు తెరుచుకోకూడదు, ఇంటి వైపుకే రావాలి.

బిగించాక పెద్దవాళ్లు రెండు చేతులతో పైనా కిందా మూలల్లో గట్టిగా తోసి చూడాలి. కదిలితే ఆ గేటును నమ్మొద్దు. వారానికి ఒకసారి మరలు, గడియ చూసుకోవాలి.

ఊళ్లోనే చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు. బయటి మెట్లకు ఆన్‌లైన్ గేటు కొలత చాలాసార్లు కుదరదు. ఎండకు, వానకు ప్లాస్టిక్ గడియ పాడవుతుంది. వెల్డింగ్ షాపులో కొలత ఇచ్చి ఇనుప గేటు చేయించుకోవడం మంచి దారే. అయితే పై కొలతలన్నీ కాగితం మీద రాసివ్వాలి: నిలువు కమ్మీలు, రెండున్నర అంగుళాల లోపు సందు, మొనలు లేని పైఅంచు, బిడ్డ చేతికి అందని గడియ, గేటుకు నేలకు మధ్య తక్కువ సందు. అందం కోసం పువ్వుల డిజైను పెట్టిస్తే తల ఇరుక్కునే సందులు, కాలు పెట్టే చోట్లు వస్తాయి.

ఏదైనా జరిగితే

బిడ్డ మెట్ల మీద నుంచి పడి స్పృహ తప్పినా, వాంతులు చేసుకున్నా, మూర్ఛ వచ్చినా, మామూలుకంటే మత్తుగా ఉన్నా ఇంట్లో చూద్దాంలే అనుకోకుండా 108కి ఫోన్ చేయాలి.

గేటును పారేయొద్దు, బాగుచేయొద్దు. విరిగిన చోట ఫొటోలు తీసి పెట్టాలి. పెట్టె, బిల్లు, ఆర్డర్ నంబరు, అమ్మిన పేజీ స్క్రీన్‌షాట్ దాచుకోవాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. పరిహారం కోసం కడపలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ల లోపు కేసు వేయొచ్చు. కంపెనీ ఢిల్లీలో ఉన్నా, బెంగళూరులో ఉన్నా కొన్నవాళ్లు ఉంటున్న చోటే కేసు వేసే వీలు చట్టంలో ఉంది. వస్తువుకు చెల్లించిన ధర ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.

రెండేళ్లు దాటిన బిడ్డ, గడియ తీయడమో గేటు ఎక్కడమో నేర్చిన బిడ్డ ఉన్న ఇంట్లో ఆ గేటు పని అయిపోయినట్టే, తీసేయాలి. అంతవరకూ గేటు ఎంత గట్టిదైనా, అవ్వో నానీయో వంటింట్లోకి పోయేముందు గడియ పడిందా లేదా అని ఒకసారి లాగి చూడాల్సిందే.