పైకి లేచే గడ్డం

మే నెలలో కోసిగి నుంచి ఆదోనికి బండి మీద బయలుదేరితే పదింటికే ఎండ మాడు పగలగొడుతుంది. దారిలో ఎదురయ్యే బండ్లలో చాలావాటికి హెల్మెట్ ఉంటుంది, అయితే ఒకరిది అద్దానికి వేలాడుతుంటే మరొకరిది ట్యాంకు మీద కూర్చుని ఉంటుంది. ఎందుకని అడిగితే ఒకటే మాట: "తల ఉడికిపోతాదన్నా, ఊపిరాడదు." ఈ మాటను బద్ధకమని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. హెల్మెట్‌కు ఇవాళున్న రూపం వచ్చింది కూడా ఇలాంటి ఇబ్బందులకు జవాబు వెతికే క్రమంలోనే.

1935 మే 13న ఇంగ్లండులో, 'లారెన్స్ ఆఫ్ అరేబియా'గా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ మోటారు సైకిల్ మీద వెళ్తూ, సైకిళ్లు తొక్కుతున్న ఇద్దరు పిల్లల్ని తప్పించబోయి పడిపోయాడు. తలకు దెబ్బ తగిలింది. ఆరు రోజులకు ప్రాణం పోయింది. ఆయన్ని చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే న్యూరోసర్జన్ ఉన్నాడు. ఆ తర్వాత కెయిర్న్స్ మోటారు సైకిల్ ప్రమాదాల్లో తల గాయాల మీద పట్టుదలగా పరిశోధించి, హెల్మెట్ ఎంత అవసరమో వివరిస్తూ 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం రాశాడు. ఆ ఏడాది నవంబరులోనే బ్రిటిష్ సైన్యం తన మోటారు సైకిల్ సిపాయిలకు హెల్మెట్ తప్పనిసరి చేసింది.

పైచిప్ప ఎంత గట్టిదైనా దెబ్బ అదురు లోపలికి పోతే లాభం లేదు. కుమ్మరి బండిలో కుండల మధ్య గడ్డి కూరేది ఇందుకే. అమెరికాలో హెర్మన్ రోత్, చార్లెస్ లొంబార్డ్ ఇదే సూత్రంతో చేసిన హెల్మెట్‌కు 1953లో పేటెంట్ వచ్చింది. పైచిప్ప దెబ్బను నలువైపులా పంచుతుంది, లోపలి పొర తాను నలిగిపోయి తలను కాపాడుతుంది. నేటి హెల్మెట్లలో థర్మోకోల్ చేసే పని అదే.

1960ల చివర్లో బెల్ కంపెనీ తెచ్చిన 'స్టార్' హెల్మెట్ గడ్డాన్ని కూడా కప్పింది. రక్షణ పెరిగింది కానీ కొత్త చిక్కు వచ్చిపడింది. గుక్కెడు నీళ్లు తాగాలన్నా, దారి అడగాలన్నా మొత్తం ఊడదీయాల్సిందే. కళ్లద్దాలున్నవారికి ఇంకా కష్టం. 1981లో బీఎండబ్ల్యూ తెచ్చిన 'సిస్టమ్' హెల్మెట్ ఆ చిక్కు విప్పింది. గడ్డం దగ్గరి భాగం కీలు మీద పైకి లేస్తుంది. మాడ్యులర్, ఫ్లిప్-అప్ అని ఇప్పుడు దుకాణాల్లో అడిగేది ఈ రకాన్నే.

అయితే కీలు ఒక్కటే సుఖమివ్వదు. ఆదోనిలో ఒక దుకాణంలో కనుబొమ్మలకు వేలెడు పైన టేపు చుట్టి కొలిస్తే నా తల 58 సెంటీమీటర్లు. అంటే లోపల 580 అని ఉన్న సైజు. ఆ సైజులోనే రెండు మాడ్యులర్లు పెట్టి చూశాను. మొదటిది ఇట్టే దిగింది. పది నిమిషాలకు నుదుటి నడుమ నొప్పి మొదలైంది, చెవుల పక్కనేమో వదులు. నా తల కాస్త పొడుగు, దాని చిప్ప గుండ్రం. రెండోది చెంపల్ని బాగా అదిమింది. వద్దనబోతుంటే దుకాణదారు, "అన్నా, చెంపల దూది వాడేకొద్దీ అణుగుతాది. నుదురు నొప్పి మాత్రం పోదు" అన్నాడు. పట్టీ బిగించి, వెనక అంచు పట్టుకుని పైకి ముందుకు తోశాను. తల వంగిందే తప్ప హెల్మెట్ జారలేదు. దాన్నే తీసుకున్నాను.

ఒకటి ఒప్పుకోవాలి. కీలు, గొళ్లెం ఉన్నందువల్ల మాడ్యులర్ బరువు గడ్డం దాకా కప్పే మామూలు ఫుల్‌ఫేస్ కంటే సాధారణంగా ఎక్కువ. గాలి హోరు కూడా కాస్త ఎక్కువే. బండి కదిలే ముందే గడ్డం భాగం మూసి, గొళ్లెం పడిందో లేదో లాగి చూసుకోవాలి. యూరప్ ప్రమాణంలో 'పి/జె' గుర్తుంటే మూసినా తెరిచినా పరీక్షల్లో నెగ్గిందని అర్థం. 'పి' ఒక్కటే ఉంటే మూసి నడపాల్సిందే.

మన దేశంలో 2021 జూన్ 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు లేని హెల్మెట్ అమ్మడం నేరం. వేడి సంగతి మీద హైదరాబాదులోనూ పని జరిగింది. అక్కడి జార్ష్ సంస్థ ఫ్యాక్టరీ కార్మికుల కోసం ఏసీ హెల్మెట్లు చేసింది. మనలాంటి బండి వాళ్లలో చాలామందికి ప్రస్తుతానికి గాలి రంధ్రాలు, లోపల పల్చటి నూలు గుడ్డ, ఆగినచోట పైకెత్తుకునే గడ్డం, ఇవే దిక్కు.

హెల్మెట్ వల్ల తల గాయాల ముప్పు 69 శాతం, చావు ముప్పు 42 శాతం తగ్గుతాయని ఎన్నో దేశాల అధ్యయనాలను కలిపి చూసినవారు తేల్చారు. ఆ లెక్క తలమీదున్న హెల్మెట్‌కే గానీ ట్యాంకు మీదున్నదానికి వర్తించదు. అందుకే ఈసారి హెల్మెట్ కొనేటప్పుడు రంగు, ధర చూసి వచ్చేయకండి. దుకాణంలోనే పది నిమిషాలు తలకు పెట్టుకుని కూర్చోండి. నొప్పి పెట్టనిదీ జారనిదీ దొరికేదాకా కొనకండి.