మంజీరా ప్రాంతమున ఆయుధాధికారము: పూర్వాపరములు

మన సంఘ వార్షిక మహాసభ సంచికకు చరిత్రవిషయకమగు వ్యాస మొకటి వ్రాసి పంపవలసినదిగా కార్యదర్శివర్యులు మమ్ము కోరిరి. దేవాలయమును గూర్చియో, వంశావళిని గూర్చియో వ్రాయుదుమని వారు తలంచియుందురు. కాని కడచిన కార్యనిర్వాహక సమావేశమున పటాన్‌చెరు ప్రాంతమున కర్మాగారములు నడుపు మన యువకులు కొందఱు చేసిన ప్రతిపాదన మా మనస్సును వదలకున్నది. మనవారిలో స్థితిమంతులకెల్ల తుపాకి అనుమతిపత్రములు ఇప్పించుటకు సంఘమే సర్కారునకు మహజరు పెట్టవలెనని వారనిరి. వారి భయము అబద్ధము కాదు. అందుచే వారిని కోపగింపక, చరిత్ర యేమి చెప్పుచున్నదో విన్నవించుట మా విధియని తోచినది.

ముందుగా ప్రాచీనుల మాట. నేటి పటాన్‌చెరు పూర్వము పొట్టలకెరె యను పేర కల్యాణి చాళుక్యుల శాసనములలో వాసికెక్కిన పట్టణము. ఆయుధము రాజ్యము చేతి వస్తువేయను భావము అంతకంటెను పురాతనము. కౌటిల్యుడు అర్థశాస్త్రమున ఆయుధాగారాధ్యక్షుని ధర్మములు విధించుటయే గాక, రాజముద్రతోడి అనుజ్ఞ గలవారు దప్ప తక్కినవారు ఆయుధములు లేకయే సంచరింపవలెనని శాసించెను. అనుమతిపత్రము ఆంగ్లేయులు తెచ్చిన క్రొత్త వింత కాదని దీనివలన తేలుచున్నది. ఇక మనుస్మృతి ఆతతాయిని ఎదిరించుటకు అనుమతి నిచ్చినది. కాని శస్త్రగ్రహణమును ద్విజులకే చెప్పి, తక్కినవారి మాట యెత్తలేదు. ఆయుధము ఆత్మరక్షణసాధనమే గాక అంతస్తునకు చిహ్నముగా నెంచబడుట నాటినుండియు వచ్చుచున్న దోషమే.

నిజాము రాజ్యమున 19వ శతాబ్ది పూర్వార్ధమును చూడుడు. అరబ్బులు, రోహిలాలు ఆయుధపాణులై జమీందారుల కొలువులలో నుండిరి. వారిలో పలువురు వడ్డీవ్యాపారమును చేసి, అప్పు తీర్పలేనివారిని తమ యిండ్లలోనే నిర్బంధించుచుండిరి. తుపాకి యెవని చేత నున్నదో వాడే న్యాయాధిపతి! 1853లో దివానైన మొదటి సాలారుజంగు కోర్టులను, జిల్లాల పరిపాలనను, పోలీసును దిద్దుటకు పూనుకొన్నప్పుడు ఈ సాయుధ దళములను అణచుట ఆయనకు మొదటి పనులలో నొకటి యయ్యెను. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాను, మౌల్వీ అల్లావుద్దీను నాయకత్వమున రెసిడెన్సీపై దాడి జరిగెను. ఆ సంవత్సరపు మహావిప్లవముచే బెదరిన ఆంగ్లప్రభుత్వము బ్రిటిషిండియాలో ప్రజలను నిరాయుధులను చేయ మొదలిడి, 1878లో ఆయుధముల చట్టము చేసెను. అందు తెల్లవారికి మినహాయింపు, నల్లవారికి నిర్బంధము. ఆ పక్షపాతమే దేశాభిమానుల హృదయములను మండించినది. కావుననే 1931లో కరాచీ కాంగ్రెసు మహాసభ, నిబంధనలకు లోబడి ఆయుధము ధరించు హక్కును పౌరుల ప్రాథమిక స్వత్వములలో చేర్చెను.

మన మెదకుసీమ మాట. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదటి ఆంధ్రమహాసభ జరిగినది. నాడు కోరినది విద్య, గ్రంథాలయములు, సంఘసంస్కారము. పదునాఱేండ్లు గడచునప్పటికి ఆ మహాసభ పేరనే పల్లెలలో సంఘములు ఏర్పడి, వెట్టిని ఎదిరించినవి. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశముఖు మనుష్యులు కాల్చిన తుపాకికి దొడ్డి కొమరయ్య బలియయ్యెను. పాఠకులు ఇచట ఒక్క క్షణము నిలువవలెను. ఆ తుపాకి సైన్యమునది కాదు, పోలీసుది కాదు. ఒక గడీలో నున్న తుపాకి. దొరకు తుపాకి, రైతుకు వడిసెల. ఇట్టి అసమానతనుండి పుట్టిన మంటలో 1947, 48 సంవత్సరములలో రజాకార్ల ఆగడములును, ఎదురుదళముల పోరాటమును చేరి, ఊళ్లకు ఊళ్లు నిద్ర మానినవి. 1948 సెప్టెంబరు 13 మొదలు 17 వరకు జరిగిన పోలీసుచర్యతో నిజాము పాలన ముగిసినను, సాయుధపోరాటము 1951 వరకు సాగినది.

మా పితామహులకు ఒక భర్మారు తుపాకి యుండెడిదట. అడవిపందులనుండి చేను కాపాడుటకని కొన్నది. ఆ గడ్డుదినములలో ఒక రాత్రి సాయుధులు వచ్చి దానిని ఇమ్మని గద్దించిరి. మఱునాడు ఎదుటిపక్షమువారు వచ్చి, ఎందుల కిచ్చితివని కొట్టిరి. తుపాకి లేని పొరుగింటివానిని ఎవ్వరును ముట్టలేదు. “పందిని తఱుముటకు తెచ్చితిని, మనుష్యులను పిలుచుకొని వచ్చినది” అని ఆయన మా తండ్రిగారితో చెప్పెడివారు. ఈ వృత్తాంతమును మేము బాల్యమున పలుమాఱు వింటిమి. ఒక యింటి కథతో సిద్ధాంతము నిలువదు. అయినను విస్మరింపదగినదియు కాదు.

స్వాతంత్ర్యానంతరము ఈ ప్రశ్న రాజ్యాంగసభకు వచ్చెను. 1948 డిసెంబరులో హెచ్.వి. కామత్‌గారు ఆయుధహక్కును రాజ్యాంగమున చేర్పవలెనని సవరణ తెచ్చిరి. డాక్టరు అంబేద్కరుగారు అంగీకరింపలేదు. సభ దానిని త్రోసిపుచ్చినది. నేటి 19వ అధికరణము నిరాయుధులై శాంతముగా సమావేశమగు హక్కునే యిచ్చుచున్నది. పిమ్మట 1959 నాటి ఆయుధముల చట్టము 1878 నాటి చట్టమును తొలగించి, 1962 అక్టోబరు 1 నుండి అమలునకు వచ్చెను. అర్హతను బట్టి అనుమతి వచ్చినది. 2016 నియమావళి ప్రకారము అనుమతి కోరువాడు ఆయుధమును భద్రముగా వాడు శిక్షణ పొందవలెను. 2019 సవరణ ఒక్కొక్కనికి మూడు తుపాకుల పరిమితిని రెండింటికి తగ్గించి, అనుమతి కాలమును మూడేండ్లనుండి ఐదేండ్లకు పెంచెను. వివాహాదులయందు వేడుకకై అజాగ్రత్తగా కాల్చువానికి రెండేండ్ల వఱకు చెఱ, లేక లక్ష రూపాయల వఱకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. పెండ్లి ఊరేగింపులలో తుపాకిని అలంకారముగా చూపగోరు మనవారు ఈ వాక్యమును రెండుమాఱులు చదువుదురుగాక.

ఇప్పుడు మన యువకుల భయమునకు వత్తుము. 1970 దశకమునుండి పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము ప్రాంతములు కర్మాగారములతో నిండినవి. 1980లో ఇందిరాగాంధిగారు మెదకునుండి లోకసభకు ఎన్నికైన పిదప ఈ వృద్ధి మఱింత హెచ్చినది. 1984లో ఎద్దుమైలారమున యుద్ధశకటముల కర్మాగారమునకు పునాది పడెను. దేశదేశములనుండి కూలీలు వచ్చిరి, ధనము వచ్చెను, ధనముతో దొంగలును వచ్చిరి. 2016 డిసెంబరులో బీరంగూడలోని స్వర్ణఋణ సంస్థలోనికి కొందఱు సి.బి.ఐ. అధికారులమని చెప్పుకొని ప్రవేశించి బంగారము దోచిరి. 2025 జనవరి 16న బీదరులో నగదువాహన సిబ్బందిపై కాల్పులు జరిపి ప్రాణము తీసిన దుండగులు ఆ సాయంకాలమే హైదరాబాదు అఫ్జల్‌గంజులో మరల కాల్చిరి. అదే యేడు ఆగస్టులో మన ముంబయి బాటమీది చందానగరున నగల దుకాణములో తుపాకి ప్రేలి ఒక ఉద్యోగి గాయపడెను.

వీనిని వినినవాడు తనకును తుపాకి యుండిన బాగుండునని తలంచుట సహజము. కాని విచారింపుడు. బీరంగూడలో ముందు నడచినది వేషము. అధికారియని నమ్మి తలుపు తీసినవాని నడుమున తుపాకి యున్నను లేకున్నను ఒకటే. బీదరు, చందానగరు ఘటనలలో దొంగ ఎప్పుడు కాల్చవలెనో ముందే నిశ్చయించుకొని వచ్చెను. కాపాడుకొనువానికి ఆ నిశ్చయము లేదు. మన దేశమున తుపాకి హత్యలలో మిక్కిలిభాగము అనుమతి లేని ఆయుధములచేతనే జరుగుచున్నదని జాతీయ నేరనమోదు సంస్థ లెక్కలు తెలుపుచున్నవి. ఇది రెండంచుల కత్తి వంటి మాట. “అనుమతి గలవారు నేరస్థులు కారు గదా” యని మన యువకులు దీనినే యెత్తుకొందురు. నిజమే. కాని దొంగతుపాకుల త్రోవ మూయుట పోలీసుల వలన కావలసిన పని. మన బీరువాలో ఒక తుపాకి చేరినంతమాత్రమున ఆ త్రోవ మూయబడదు.

విదేశముల అనుభవమును కొంత చెప్పుదుము. అమెరికాలో 1791 నాటి సవరణ ఆయుధహక్కు నిచ్చినది. 2022లో అచటి అత్యున్నత న్యాయస్థానము బహిరంగమున ధరించుటకును అది వర్తించునని తీర్పు చెప్పెను. ఎక్కువ తుపాకులున్న నేరములు తగ్గునని జాన్ లాట్ అను పండితుడు 1998లో గ్రంథము వ్రాసెను. 2004లో అచటి జాతీయ పరిశోధనామండలి పరిశీలించి, ఆ వాదమునకు గాని ప్రతివాదమునకు గాని నిశ్చయమగు ఆధారము లేదనెను. 2019లో డొనహ్యూ మొదలగువారు ప్రకటించిన పరిశోధన, ధారణాధికారమును సులభము చేసిన రాష్ట్రములలో పదియేండ్లకు హింసానేరములు అట్లు చేయనిచో నుండదగినదానికంటె నూటికి 13 మొదలు 15 వంతులు హెచ్చుగా నున్నట్లు తేల్చినది. ఆస్ట్రేలియాలో 1996 ఏప్రిల్ 28న పోర్టు ఆర్థరులో 35 మంది హతులు కాగా, ఆ ప్రభుత్వము చట్టమును బిగించి, ఇంచుమించు ఆఱున్నర లక్షల తుపాకులను వెల యిచ్చి కొని ధ్వంసము చేసెను. పండితుల వాదము ఇంకను ముగియలేదు. కాని తుపాకుల వలన క్షేమము సిద్ధించుననుట నిరూపితమైనదని మాత్రము ఎవ్వరును చెప్పజాలరు.

కావున మా విన్నపమిది. నిజమైన ప్రాణభయము గలవాడు తన పేర, తన కారణములతో అధికారికి దరఖాస్తు చేసికొనుగాక. చట్టము అతనికి ద్వారము మూయలేదు. కాని సంఘము పేర, కులగౌరవము పేర తుపాకులు కోరుట గడీల కాలమును మరల పిలుచుటయే. మనము అడిగిన రేపు పొరుగు సంఘమును అడుగును. పిదప ఎవరి తుపాకి పెద్దదను పోటీ మిగులును. దానికి మాఱుగా మహజరు పెట్టదలచిన, పారిశ్రామికవాడలలో దీపములు, రాత్రి పహరా, ఠాణాలకు చాలినంత సిబ్బంది కోరుడు. జీతముల నగదును సంచులలో మోయుట మానుడు. అధికారినని వచ్చినవాని గుర్తింపును ఠాణాకు ఫోను చేసి విచారించుకొనుటకు ద్వారపాలకులకు నేర్పుడు. ఉత్తరాదినుండి వచ్చిన కూలీని అనుమానముతో గాక పేరుతో పిలువుడు. ఆపదలో ముందు కేకవేయువాడు అతడే.

ఈ మాటలు కొందఱికి పిఱికితనముగా తోచవచ్చును. మా పితామహులు పిఱికివారు కారు. ఆ తుపాకి మరల దొరకినను ఆయన ఇంటికి తెచ్చుకొనలేదు. చేనిచుట్టు ముండ్లకంచె నాటించిరి. పిమ్మటి యేడు పంట యింటికి వచ్చినదని మా తండ్రిగారు చెప్పుచుండెడివారు.

స్వస్తి.