తుపాకి చట్టమూ, మన్యం హింసా

హింసాత్మక నేరాలకు మూలం ఆయుధాల చట్టం సడలిపోవడమా, సాంఘిక పరిస్థితులా? విద్యార్థులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. సాంఘిక పరిస్థితులేనని మనవాళ్ళు తడుముకోకుండా అంటారు. ఆ మాటను నేను కాదనను. కాని పరిశీలనకు నిలబడని మాట సిద్ధాంతం కాజాలదు. ఆ పరిశీలనకు నేను దూరదేశాలు పోనక్కరలేదు. మా ఏటికొప్పాక లక్కబొమ్మలకు అంకుడు కర్రనిచ్చినది అడవి. నర్సీపట్నం దాటి ఆ మన్యంలోకి పోతే, ఈ ప్రశ్న అక్కడ రెండుసార్లు పరీక్షకు వచ్చిందని తెలుస్తుంది.

1878లో లిట్టన్ ప్రభుత్వం ఆయుధాల చట్టం చేసింది. లైసెన్సు లేనిదే భారతీయుడు తుపాకి ఉంచుకోరాదు. ఐరోపావారికి మాత్రం మినహాయింపు. మరుసటి ఏడే, 1879 మార్చిలో, రంప మన్యం భగ్గుమన్నది. చెట్టు కల్లు మీద పన్ను, మన్సబుదారు వసూళ్ళు, కోర్టు డిక్రీలతో వచ్చే మైదానపు వర్తకులు - ఇవీ కారణాలు. తిరుగుబాటును సైన్యంతో అణచిన ప్రభుత్వమే ఆ తరువాత మన్సబుదారును తొలగించి, ముఠాదార్లతో నేరుగా ఏర్పాటు చేసుకొన్నది. వ్యాధి ఎక్కడున్నదో దొరలకూ తెలుసునన్నమాట.

తెలిసినా 1882లో మద్రాసు అటవీ చట్టం తెచ్చారు. పోడుకు ఆంక్షలు వచ్చాయి. తాతల నాటి అడవిలో కట్టె కొట్టినవాడు దొంగ అయినాడు. ఆపైన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్, నర్సీపట్నం నుంచి కొండల పైకి వేసే రోడ్డు పనిలో గిరిజనులను నామమాత్రపు కూలికి వాడుకొన్నాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై అల్లూరి సీతారామరాజు దళం పడి 26 తుపాకులు తీసుకొన్నది. చట్టం ప్రజల చేతిలో ఆయుధం లేకుండా చేసి స్టేషనులో భద్రపరిచింది. ఆయుధం కావలసినవారు స్టేషనుకే వెళ్ళారు!

ఆనాటి రికార్డులలో ఇదంతా "ఫితూరీ". వెట్టి చేయించినవాడి పేరు నేరాల పట్టికలోకి ఎక్కదు, తిరగబడినవాడి పేరే ఎక్కుతుంది. నేరాల లెక్కలు చదివేముందు ఆ పట్టిక ఎవరు గీశారో చూడాలి.

అయితే తుపాకుల సంఖ్యకు ప్రాధాన్యమే లేదనడం మొండివాదం. అమెరికాలో జనసంఖ్యను మించి తుపాకులున్నాయి. ధనిక దేశాలలో కాల్పుల మరణాలు అక్కడ మిక్కిలి హెచ్చు. చేతికి అందిన తుపాకి తగాదాను చావుగా మార్చగలదు. కాని తగాదాను పుట్టించేది అది కాదు. రాయలసీమ కక్షలలో వేటకొడవళ్ళు, నాటుబాంబులు చేసిన పని చూస్తే, లైసెన్సు నిరాకరించినంత మాత్రాన పగ ఆగదని ఎవరికైనా బోధపడుతుంది.

ఇక స్వతంత్ర భారతం సంగతి. 1959లో కొత్త ఆయుధాల చట్టం వచ్చింది. ఆ సంవత్సరమే ఏజెన్సీలో గిరిజనుల భూమి ఇతరుల పాలు కాకుండా భూబదలాయింపు నిబంధన కూడా వచ్చింది. లైసెన్సుల తంతు సాగింది; భూమి నిబంధన చాలాకాలం కాగితం మీదే ఉండిపోయింది. శ్రీకాకుళం మన్యంలో భూములు షావుకార్ల చేతికి పోతూనే ఉన్నాయి. 1967 అక్టోబరు 31న, మొండెంఖల్లులో గిరిజన సంఘం మహాసభకు పోతున్నవారిపై లేవిడి వద్ద భూస్వాముల పక్షం కాల్పులు జరిపింది. కోరన్న, మంగన్న చనిపోయారు. నిందితులను 1968లో న్యాయస్థానం విడిచిపెట్టింది. ఆ నవంబరులోనే అక్కడ సాయుధపోరాటం మొదలయింది. భూబదలాయింపు నిబంధనను ప్రభుత్వం బిగించినది 1970లో, అంటే తుపాకులు పేలిన తరువాత. మన్యంలో దానిని ఈనాటికీ "వన్ ఆఫ్ సెవెంటీ" అంటారు.