రెండు కాళ్ళ మీదా, నాలుగు కాళ్ళ మీదా?

మేముండేది ట్యూబింగెన్‌లో. స్టుట్‌గార్ట్‌కి దక్షిణాన, నెకర్ నది ఒడ్డున ఉన్న పాత విశ్వవిద్యాలయం ఊరు. మన తెలుగువాళ్ళెవరైనా చుట్టపుచూపుగా వస్తే కోటా, నదిలో పడవలూ చూపించాక నేను తప్పకుండా తీసుకెళ్ళే చోటు విశ్వవిద్యాలయం వారి శిలాజాల మ్యూజియం. అక్కడ ప్లేటియోసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం వెనక కాళ్ళ మీద నిలబడి ఉంటుంది. సుమారు 21 కోట్ల ఏళ్ళ నాటిది. "ఇది నిజంగా ఇలాగే నిలబడేదా?" అని పిల్లలు అడుగుతారు. పెద్దలు అడగరు. ఆ పిల్లల ప్రశ్న మీదే ఈ దేశపు పండితులు దాదాపు వందేళ్ళు వాదించుకున్నారు.

ఈ జంతువు ఎముకలు మొదట 1834లో న్యూరెంబర్గ్ దగ్గర దొరికాయి. 1837లో హెర్మన్ ఫన్ మాయర్ దానికి పేరు పెట్టాడు. అప్పటికి "డైనోసార్" అనే మాటే పుట్టలేదు. అది 1842లో వచ్చింది. పేరైతే పెట్టారు గాని, అది ఎలా నడిచేదో ఎవరికి తెలుసు?

అసలు తగువు బెర్లిన్‌లో మొదలైంది. 1908లో అమెరికా ఉక్కు కుబేరుడు కార్నెగీ, కైజర్ రెండో విల్‌హెల్మ్‌కి డిప్లొడోకస్ అస్థిపంజరపు అచ్చు ఒకటి కానుకగా పంపాడు. అమెరికావాళ్ళు దాన్ని ఏనుగులా నిటారు కాళ్ళ మీద నిలబెట్టారు. మరుసటి ఏడాది గుస్తావ్ టోర్నియర్ అనే బెర్లిన్ జంతుశాస్త్రజ్ఞుడు అదంతా తప్పన్నాడు. సరీసృపమన్నాక తొండలాగా, మొసలిలాగా కాళ్ళు పక్కలకి చాపి పాకాలి గాని, ఏనుగు నడకేమిటని ఆయన వాదం. 1910లో పిట్స్‌బర్గ్ నుంచి హాలండ్ జవాబిచ్చాడు: దాని పక్కటెముకలు ఎంత లోతైనవంటే, అది అలా పాకాలంటే పొట్ట పట్టడానికి దారి పొడుగునా నేలలో గాడి ఉండాలి! రెండు వైపుల రాతల్లోనూ శాస్త్రంతో పాటు దేశాభిమానం పాళ్ళు కాస్త ఎక్కువగానే ఉన్నాయని నా అనుమానం.

ఆ రోజుల్లోనే ఒట్టో యేకెల్ హాల్బర్‌స్టాట్‌లో దొరికిన ప్లేటియోసారస్‌లని చూసి, 1910లో ఇది బల్లిలా పాకేదన్నాడు. ఏడాది తిరక్కుండానే మాట మార్చి, కంగారూలా రెండు కాళ్ళ మీద గెంతేదన్నాడు. దానికీ టోర్నియర్ వెక్కిరించాడు. 1911 నుంచి 1913 దాకా ట్రోసింగెన్‌లో తవ్విన స్టుట్‌గార్ట్ పండితుడు ఫ్రాస్ కూడా పాకుడు వైపే. 1921-23లో అదే చోట మళ్ళీ తవ్వించిన ఫ్రీడ్రిష్ ఫన్ హ్యూనే మాత్రం దాన్ని రెండు కాళ్ళ మీద నిలబెట్టాడు. హ్యూనే మా ఊళ్ళోనే పుట్టినవాడు. జబల్‌పూర్ దగ్గర దొరికిన మన డైనోసార్ల మీద 1933లో మాట్లీతో కలిసి పెద్ద గ్రంథం రాసింది కూడా ఆయనే.

ట్రోసింగెన్ నేలలో ఇంకో సాక్ష్యం ఉంది. అక్కడి జంతువులు చాలావరకు బురదలో దిగబడి చచ్చిపోయినవి. వెనక కాళ్ళు లోతుగా, నిలువుగా దిగి ఉంటాయి. మిగతా ఒళ్ళు పైన వాలి, చెదిరి ఉంటుంది. తొండలా పాకే జంతువు అలా దిగబడదు. అయినా తగువు తెగలేదు. 1980లలో కూడా నాలుగు కాళ్ళ మీద పరుగెత్తే ప్లేటియోసారస్ బొమ్మలు వేశారు.

తెగింది చేతుల దగ్గర. మీరు ఇప్పుడే చేసి చూడండి. చప్పట్లు కొట్టబోతున్నట్టు రెండు అరచేతులూ ఎదురెదురుగా పెట్టండి. ఇప్పుడు వాటిని నేలకేసి తిప్పండి. అలా తిప్పినప్పుడు మీ ముంజేతిలోని రెండు ఎముకలూ ఒకదాని మీద ఒకటి అడ్డంగా వస్తాయి. ప్లేటియోసారస్ ఎముకలు అలా తిరగవని 2007లో బోనన్, సెంటర్ అనే ఇద్దరు చూపించారు. అంటే దాని అరచేతులు ఎప్పుడూ చప్పట్లకి సిద్ధంగానే ఉండేవి! నేల మీద ఆనేవి కావు. 2010లో హైన్‌రిష్ మాలిసన్ మా ట్యూబింగెన్ అస్థిపంజరాన్నే ఎముక ఎముకా స్కాన్ చేసి కంప్యూటర్‌లో నిలబెట్టాడు. బరువంతా వెనక పాదాల మీదకే వచ్చింది. హ్యూనే నెగ్గాడు.

మరి దీని దాయాదులైన సారోపాడ్‌లు, అంటే పొడుగుమెడ మహాకాయులు, నాలుగు కాళ్ళ మీద ఎలా నడిచాయి? తొలి డైనోసార్లు చిన్నవి, రెండు కాళ్ళవి. ఆకులు తిని బతకాలంటే పెద్ద పొట్ట కావాలి. ఒళ్ళు పెరిగినకొద్దీ ముందువైపు బరువు పెరిగింది. ముంజేతిలో ఒక ఎముక రెండోదాని ముందుకి జరిగి, అరచెయ్యి వెనక్కి తిరిగింది. పట్టుకునే చెయ్యి పోయి, మోసే స్తంభం వచ్చింది. ఒకసారి వదిలేసిన నాలుగు కాళ్ళ నడకని ఆ వంశం మళ్ళీ కొత్తగా నేర్చుకుంది.

ఈ కథలో తర్వాతి అధ్యాయం ఐరోపాలో కాదు, మన ప్రాణహిత-గోదావరి లోయలో ఉంది. సిరొంచ వైపు దొరికిన జంతువుకి 1975లో బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. బెంగాలీలో "బర పా" అంటే పెద్ద కాలు. తొడ ఎముక ఒక్కటే 1.7 మీటర్లు. తవ్వకం మొదలైన 1961 రవీంద్రుడి శతజయంతి సంవత్సరం కనుక ఆయన పేరు కలిపారు. అది కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. రెండోది కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర జియలాజికల్ సర్వే వారు తవ్వగా, కనీసం పన్నెండు జంతువులవి 840 ఎముకలు బయటపడ్డాయి. 1988లో పి. యాదగిరి దానికి పేరు పెట్టారు. ఇక్కడ పుట్టిన మన పిల్లలకి ఎనిమిదేళ్ళకే ప్లేటియోసారస్ తెలుసు. యామన్‌పల్లి పేరు వాళ్ళ అమ్మానాన్నలకే తెలీదు.

బెర్లిన్‌లో నిలబడిన జిరాఫటైటన్ 13 మీటర్ల పైచిలుకు ఎత్తు. 1909-13 మధ్య నేటి టాంజానియాలోని తెండగురు నుంచి తెచ్చింది. మజి మజి తిరుగుబాటుని జర్మన్ సైన్యం అణిచేసిన కొద్ది ఏళ్ళకే, అక్కడి మనుషులే ఆ ఎముకలని తలల మీద పెట్టుకుని లిండి రేవు దాకా మోశారు. జంతువు నడక గురించి మ్యూజియం గోడల మీద చాలా రాశారు. ఆ మనుషుల నడక గురించి రాయడం ఆలస్యంగా మొదలైంది. 1937లో నిలబెట్టినప్పుడు దాని మోచేతులు కాస్త పక్కకి వంగి ఉండేవి. టోర్నియర్ నీడ అప్పటికీ పోలేదన్నమాట. దాన్ని విడదీసి 2007లో మళ్ళీ బిగించినప్పుడు ముందుకాళ్ళు నిటారుగా చేశారు.

కోటాసారస్ ఎముకలు తెలుగు నేల దాటలేదు. హైదరాబాదులో, నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియంలోనే ఉన్నాయి. ఈసారి వెళ్ళినప్పుడు దాని తల మీద దృష్టి పెట్టకండి. రెండు పళ్ళు తప్ప అసలు తల దొరకలేదు. కాళ్ళు చూడండి, స్తంభాల్లా ఉంటాయి. తర్వాత నడుము దగ్గర, తొడ ఎముక కలిసే చోట ఉన్న వెడల్పాటి ఎముక చూడండి. అది తర్వాతి సారోపాడ్‌లకున్నంత ఎత్తుగా ఉండదు. ట్యూబింగెన్‌లో రెండు కాళ్ళ మీద నిలబడిన జంతువుదిలా, ఇంకా పాతపద్ధతిలో, కురచగానే ఉంటుంది.