ఎప్పుడు? ఎక్కణ్ణించి?

చిన్నప్పుడు ఉరిమితే చాలు, మా అమ్మమ్మ అర్జునుడి పేర్లు తలుచుకోమనేది. మేం పైకి ఆ పేర్లు చదువుతూనే, వేళ్ళమీద అంకెలు లెక్కపెట్టేవాళ్ళం. మెరుపు మెరిశాక ఉరుము వినబడేలోపల ఎన్ని అంకెలొస్తే పిడుగు అంత దూరాన పడ్డట్టు. మూడు సెకన్లకి సుమారు ఒక కిలోమీటరు. అయితే అది ఊరచెరువు వైపు పడిందా, మా పొలం వైపు పడిందా అన్నది అంకెలు చెప్పవు. మెరుపు ఏ వైపు మెరిసిందో కన్ను పట్టుకోవాలి. ఎప్పుడన్నది ఒకటి, ఎక్కడన్నది మరొకటి. రెండూ కలిస్తేనే అమ్మమ్మ పొయ్యిలో కట్టె ఎగదోసి నిశ్చింతగా కూర్చునేది.

హైదరాబాదు నించి కర్నూలు వైపు వెళుతూ షాద్‌నగర్ దాటేటప్పుడల్లా నాకీ సంగతే గుర్తొస్తుంది. ఆ ఊరి దగ్గర ఆకాశం వైపు తిరిగిన పెద్ద పెద్ద పళ్ళాల్లాంటి ఆంటెన్నాలున్నాయి. ఉపగ్రహాలు పంపే భూమి ఫొటోలని అందుకునే కేంద్రం అది. బి.ఏ. చదివిన నాకు సైన్సుతో పనేమిటంటారా? నేల కొలిచిన చరిత్ర చదువుతూ చదువుతూ వెళితే చివరికి ఆ గేటు ముందు తేలాను. నా తప్పేం లేదు.

ఆ చరిత్ర 1802లో మద్రాసులో మొదలైంది. విలియం లాంబ్‌టన్ అనే దొర సెయింట్ థామస్ మౌంట్ దగ్గర వంద అడుగుల ఉక్కు గొలుసుతో సుమారు పన్నెండు కిలోమీటర్లు కొలిచాడు. అక్కణ్ణించి గొలుసుతో పని తక్కువ. ఈ కొండమీద నిలబడి ఆ కొండమీది గుర్తుని చూడటం, కోణం రాసుకోవడం, త్రిభుజం మీద త్రిభుజం అల్లుకుంటూ పోవడం. కోణాలు కొలిచే యంత్రం బరువు అరటన్ను. మధ్యలో తప్పులు పోగవకుండా మళ్ళీ గొలుసు దించి సరిచూసుకునేవారు. 1815లో బీదర్ దగ్గర అలా కొలిచారు. తరవాత లాంబ్‌టన్ హైదరాబాదులో మకాం పెట్టాడు. 1818లో ఆయన దగ్గర సహాయకుడిగా చేరిన యువకుడే జార్జి ఎవరెస్టు. ఆ పెద్ద శిఖరానికి పెట్టింది ఈయన పేరే.

కొండమీది గుర్తు అన్నాను. పగలయితే జెండా, రాత్రయితే మంట. తరవాత తరవాత దీపాలూ, ఎండని తిప్పి చూపించే అద్దాలూ వచ్చాయి. ఆ జెండా పట్టుకుని, దీపం ఆరిపోకుండా కాపలా కాసినవాళ్ళు కలాసీలు. 1819లో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో చలిజ్వరాలు కమ్మితే ఎవరెస్టు బృందంలో ఎందరో మంచాన పడ్డారు, కొందరు పోయారు. దొర కోలుకోవడానికి 1820లో ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని కేప్‌కి వెళ్ళాడు. కలాసీలకి ఓడెక్కడిది? ఆయన పేరు శిఖరానికెక్కింది, వాళ్ళ పేర్లు ఆ అడవిలోనే వుండిపోయాయి.

ఇంతకీ ఆ దీపం చెప్పింది ఒక్కటే, "నేనిక్కడున్నా"నని. దాని వెలుగు ఎంతసేపటికి వచ్చిందో కొలవడం ఎవరి తరమూ కాలేదు. అంతకు చాలాముందే గెలీలియో ఇద్దరు మనుషులకి లాంతర్లిచ్చి దూరంగా నిలబెట్టి వెలుగు వేగం చూడాలనుకున్నాడు. వెలుగు సెకనుకి సుమారు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది మరి. మూత తీసే చెయ్యి కదిలేలోపల అది ఊరు దాటిపోతుంది.

1960లో థియొడోర్ మైమన్ అమెరికాలో మొదటి లేజర్ వెలిగించాక కథ మారింది. ఇది చెదరకుండా సన్నగా పోయే వెలుగు, చిటికెలో వెయ్యోవంతుకన్నా తక్కువసేపు మెరిసి ఆగేట్టు కూడా చెయ్యొచ్చు. ఒక్క మెరుపు పంపి, అది దేనికో తగిలి తిరిగొచ్చేదాకా గడియారం చూస్తే దూరం తేలిపోతుంది. సెకనులో వందకోట్లో వంతు తప్పు చదివితే దూరంలో అర అడుగు తేడా.

అయితే వచ్చిన వెలుగు ఎక్కణ్ణించి వచ్చినట్టు? దీనికి ఇంజనీర్లు చేసిన ఉపాయం నాకు వంటింట్లోదే అనిపించింది. గుండ్రటి రొట్టెని నాలుగు ముక్కలుగా కోసి, ముక్కల్ని కదల్చకుండా వుంచామనుకోండి. వెలుగుచుక్క సరిగ్గా నడిమధ్య పడితే నాలుగు ముక్కలకీ సమానంగా అందుతుంది. కొంచెం పక్కకి జరిగితే ఆ వైపు ముక్కకి ఎక్కువ వస్తుంది. అంతే, చోటు దొరికినట్టే. ఒక్కొక్క ముక్కకీ గడియారం కూడా తగిలిస్తే ఎప్పుడూ, ఎక్కడా రెండూ ఒకేసారి తెలుస్తాయి.

ఒకటి తెలిసి రెండోది తెలియకపోతే ఏమవుతుందో చందమామని అడగాలి. 1970లో రష్యావాళ్ళు లూనొఖోద్ అనే బండిని అక్కడ దింపారు. దానిమీద వెలుగుని వచ్చిన దారినే తిప్పిపంపే అద్దాలున్నాయి. 1971లో బండి మూగబోయింది. అది వున్న చోటు సరిగ్గా తెలియక దశాబ్దాలపాటు అద్దాలు దొరకలేదు. పంపిన వెలుగు రెండున్నర సెకన్లలో వెళ్ళి రావాలి. కాని చోటు కిలోమీటర్ల కొద్దీ తప్పితే, జవాబు వచ్చే ఘడియ కూడా తప్పుతుంది. 2010 మార్చిలో అమెరికా ఉపగ్రహం తీసిన ఫొటోలో బండి కనిపించింది. ఏప్రిల్ 22న న్యూమెక్సికోలోని అపాచీ పాయింట్ నించి లేజర్ పంపితే జవాబు ఠక్కున వచ్చింది. అక్కడి సెన్సర్‌లో రొట్టె ముక్కలు నాలుగు కాదు, నాలుగు నాలుగులు పదహారు.

మనవాళ్ళూ వెనకబడలేదు. 2008 అక్టోబరు 22న శ్రీహరికోట నించి వెళ్ళిన చంద్రయాన్-1లో చంద్రుడి ఎత్తుపల్లాలు కొలిచే లేజర్ పరికరం వుంది. సెకనుకి పది మెరుపులు పంపేది. 2023 ఆగస్టు 23న దిగిన విక్రమ్‌మీద మన అరచేతిలో ఇమిడిపోయే అద్దాల పళ్ళెం వుంది. అదే ఏడు డిసెంబరు 12న వంద కిలోమీటర్ల దూరాన తిరుగుతున్న అమెరికా ఉపగ్రహం లేజర్ పంపితే, ఆ చిన్న పళ్ళెం వెలుగుని తిప్పి అప్పజెప్పింది. కొండమీది కలాసీ దీపం చంద్రుడిమీదికి చేరిందన్నమాట!

చంద్రుడి గుంటలు కొలిచి మనకేం ఒరిగింది అంటారు కొందరు. వాళ్ళకి దివిసీమ గుర్తుచేస్తాను. 1977 నవంబరు 19న సముద్రం ఊళ్ళమీదికొచ్చింది. సర్కారు లెక్కల్లోనే పదివేలమంది దాకా పోయారు. షాద్‌నగర్ కేంద్రం 1979లో వచ్చింది. అప్పట్లో అది అందుకున్న లాండ్‌శాట్ ఫొటోలో ఒక్క చుక్క అంటే నేలమీద సుమారు ఎనభై మీటర్ల చదరం. ఒక పాలెం మొత్తం నాలుగు చుక్కల్లో కలిసిపోతుంది. పైగా ఫొటో నేల ఎక్కడుందో చూపిస్తుందిగాని ఎంత ఎత్తుందో చెప్పదు. డెల్టాలో అసలు ప్రశ్న అదే. జానెడు ఎత్తులో వున్న ఇల్లు నిలుస్తుంది, పక్కిల్లు మునుగుతుంది.

షాద్‌నగర్ కేంద్రాన్ని నడిపే జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ విమానంలో లేజర్ పెట్టి వరద ప్రాంతాల ఎత్తుపల్లాలు కొలిపించింది. ఒక మెరుపులో కొంత వెలుగు చెట్టు ఆకుకి తగిలి ముందొస్తుంది, కొంత నేలకి తగిలి ఆనక వస్తుంది. రెండూ విడదీస్తే చెట్టుకింద నేల తెలుస్తుంది. సమయం సరిగ్గా చదివినా, కిలోమీటరు ఎత్తునించి దిశలో ఒక్క డిగ్రీ తప్పితే చుక్క పదిహేడు మీటర్లు పక్కకి జరుగుతుంది. ఆ పదిహేడు మీటర్లలో ఏటిగట్టు అవతలిది ఇవతలికొస్తుంది. అప్పుడు ఎవరిని లెమ్మంటాం, ఎవరిని పడుకోమంటాం?

"తుఫాను వస్తోంది" అంటే చాలదు. ఎప్పుడు, ఎక్కడికి, ఏ గడపదాకా అన్నది చెప్పగలిగితేనే పిల్లల్ని చంకనేసుకుని, గేదె పలుపు విప్పి వదిలి, ఒక తల్లి ఇల్లు కదులుతుంది. రెండొందల ఏళ్ళపాటు కొండలమీద దీపాలు మోసిందీ, అడవుల్లో జ్వరాలు పడిందీ, రొట్టె ముక్కలకి గడియారాలు కట్టిందీ ఆ ఒక్క కబురు సరిగ్గా చెప్పడానికే అయినా నాకు చాలనిపిస్తుంది.

మొన్న ఉరిమింది. నా నోట అర్జునుడి పేర్లు వాటంతటవే వచ్చాయి. వేళ్ళు అంకెలు లెక్కపెట్టాయి. కళ్ళు మాత్రం కిటికీలోంచి, ఏ వైపు మెరిసిందా అని వెతికాయి.