నిరసన, నిరశన

ఆ పుల్ల కాస్త లోపలికి ఎగదొయ్యరా, మంట నిలబడుతుంది. పొద్దున బస్టాండు దగ్గర కుర్రాళ్లు కట్టిన గుడ్డ చూశావుగా? "నిరసన దీక్ష" అని రాశారు. పాపం, అన్నం మానేసి మూడు రోజులైంది. వాళ్లు చేస్తున్నది నిరశన. అశనమంటే తిండి, అది మానేస్తే నిరశన. కడుపు మాడ్చుకుంటున్న సంగతి ఆ గుడ్డ మీద మాటలో లేకుండా పోయింది.

నిరసన వేరే మాట. ఇప్పుడంటే "ఇది మాకు సమ్మతం కాదు" అని నలుగురిలో చెప్పడం. పాత పుస్తకాల్లో నిరసించడమంటే తోసిపుచ్చడం, చులకన చెయ్యడం. దొరలు బంట్లను నిరసించేవాళ్లు. అలాంటి మాట బంట్ల చేతికొచ్చింది చూడు, అందుకే దానిమీద నాకంత ప్రేమ.

ధర్నా కూడా అంతే. బాకీ రాబట్టుకోడానికి అప్పు తీసుకున్నవాడి గుమ్మంలో కూర్చోడమే మొదట్లో ధర్నా. ప్లీడరు గుమాస్తాగా ఉన్న రోజుల్లో చదివాను, 1860 శిక్షాస్మృతిలో ఆ మాటే ఉంది. అలా కూర్చుని దేవుడి కోపం తగులుతుందని బెదిరిస్తే నేరమట.

మా నాయనమ్మకి ఈ మాటలేవీ తెలీవు. "ఊరొదిలి పోయాం" అనేది, అంతే. 1919లో చీరాల, పేరాల కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచారు. మగ్గం మీద బతికేవాళ్లు ఎక్కణ్ణించి తెచ్చి కడతారు? 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు ముందు నడిస్తే వేలమంది ఇళ్లొదిలేసి పొలిమేర దాటి పాకలు వేసుకున్నారు. దానికి రామనగరమని పేరు. పాకలోనే మగ్గం గుంట తవ్వుకున్నారట. వానొస్తే గుంటలో నీళ్లూరేవి, నాయనమ్మ చెంబుతో తోడిపోస్తుంటే తాత నేసేవాడు. అలా పదకొండు నెలలు. గోపాలకృష్ణయ్యగారిని జైల్లో పెట్టారు, చివరికి జనం ఊళ్లోకి తిరిగి రాక తప్పలేదు. అయినా ఆ నెలల గురించి చెప్పేటప్పుడు నాయనమ్మ గొంతు ఎప్పుడూ తగ్గలేదురా.

పొట్టి శ్రీరాములుగారి సంగతి మాత్రం నాకే గుర్తుంది. 1952 అక్టోబరు 19న మద్రాసులో, బులుసు సాంబమూర్తిగారింట్లో, ఆంధ్ర రాష్ట్రం కోసం నిరశన మొదలుపెట్టారు. నాకప్పుడు పదేళ్లు. సాయంత్రం మాస్టారు అరుగు మీద పేపరు చదివేవారు. ముందు ఆ రోజు లెక్కే చెప్పేవారు: ఇవాళ నలభయ్యో రోజు, ఇవాళ యాభయ్యో రోజు. డిసెంబరు 15 రాత్రి ప్రాణం పోయింది. కబురు తెలిసి జనం రోడ్ల మీద పడ్డారు, రైళ్లాగిపోయాయి. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రమొచ్చింది.

కబురొచ్చిన రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఆకలేస్తోందని ఏడిస్తే అమ్మ దగ్గరికి తీసుకుని, "ఆయన యాభై ఎనిమిది రోజులు తినలేదురా" అంది.

రేపు పొద్దున్నే నన్ను బస్టాండుకి తీసుకెళ్లరా. ఆ పిల్లల పక్కన కాసేపు కూర్చుని, ఆ అక్షరం దిద్దించి వస్తాను.